ఆరో పాఠం

పోస్టులో వచ్చిన ఐదు పాఠాలకూ జవాబులు రాసింది జ్ఞానరత్నం. నూటికి నూరు మార్కులు మాత్రం ఆమె మొగుడు తిమోతికి వచ్చాయి.

తిమోతి న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఉండే రైల్వే జీపు డ్రైవరు. తొంభై మూడులో జీపుకు వైర్‌లెస్ సెట్టు బిగించారు. అది గరగరమంటే చాలు, ఒక చేత్తో స్టీరింగు, రెండో చేత్తో సెట్టు పట్టుకుని, ఎదుట పెద్దాఫీసరే నిలబడ్డట్టు తల వంచి మరీ పలికేవాడు. అలా తల వంచిన ఒక ఉదయం ఖరిదా బజార్లో ఒక టీకొట్టు బల్ల జీపు కిందికి వచ్చింది. బల్ల మీద ఎవరూ లేకపోవడం దేవుడి దయ. ఆఫీసు దయ అంత పెద్దది కాదు. పోస్టులో వచ్చే భద్రతా కోర్సు ఆరు పాఠాలూ పాసవ్వాలి, లేదంటే జీపు తాళాలు ఇచ్చేసి గోడౌన్లో బస్తాలు మొయ్యాలి. తిమోతికి యాభై ఒకటి. నడుము ఎప్పుడో రాజీనామా ఇచ్చింది.

"నువ్వు బి.ఏ. కదా, నువ్వే రాసీ," అన్నాడు.

అంట్లు తోమి, పిండి రుబ్బి, కళ్ళు మూతలు పడుతుంటే రాసింది. బండి నడుస్తుండగా సెట్టు మోగితే ఏమి చేయవలెను? పక్కకు తీసి, ఆపి, అటుపిమ్మట మాట్లాడవలెను. సైకిలు కూడా తొక్కి ఎరగని మనిషి రాసిన జవాబు అది.

ఆరో కాగితంలో ప్రశ్నలే లేవు. సోమవారం పరీక్షాధికారి స్వయంగా జీపులో కూర్చుంటాడట. ఇంత బాగా రాసిన డ్రైవరును చూడాలని ఉందని చేత్తో ఒక ముక్క కూడా చేర్చాడు.

పాఠాలన్నీ చదివి వినిపించబోయింది. రెండో పాఠానికే తిమోతి గురక పెట్టాడు. పిలిస్తే ఉన్నపళంగా పలకడం ఇరవై ఏడేళ్ళ కొలువు నేర్పిన అలవాటు, చదివితే పోతుందా?

మర్నాడు అతను వీధి కుళాయి నుంచి రెండు బకెట్లతో వస్తుంటే, ఆమె వంటింట్లోంచి పిలిచింది. నడుస్తూనే తల తిప్పి పలికాడు. గడప తగిలి సగం నీళ్ళు ముందుగది పాలయ్యాయి.

"బకెట్లు దించి పలకాల."

"ఏటే, నన్ను ఆడిస్తన్నావా?"

"గుడ్డ అక్కడుంది. తుడిసీండి."

వారమంతా అదే పని. నీళ్ళు తెచ్చే ప్రతి విడతకూ ఆమె పిలిచింది, అతను తుడిచాడు. పనేమీ లేకుండా మొగుణ్ణి పిలవడం ఎంత అలసటో ఆమెకు అప్పుడే తెలిసింది. పక్క క్వార్టరు ఎలీసమ్మ ఊరుకోలేకపోయింది.

"ఈ వయసులో మొగుడి మీద అంత మోజేటే, రత్నం?"

"కోర్సులో ఉంది పిన్నీ."

శనివారానికి ముందుగది పొడిగా ఉంది.

సోమవారం ఝపటాపూర్ దాటగానే సెట్టు గరగరమందట. తిమోతి చెయ్యి లేచి, మధ్యలో ఆగిందట. జీపు పక్కకు తీసి, ఆపి, తాళం తిప్పి, అప్పుడు సెట్టు అందుకున్నాడట. తల మాత్రం వంచే మాట్లాడాడట. ఏమైతేనేం, జీపు తాళాలు అతని జేబులోనే ఇంటికి వచ్చాయి.

ఆ సాయంత్రం జ్ఞానరత్నం చేతులు మోచేతుల దాకా పిండిలో ఉండగా పొయ్యి మీద పాలు పొంగుకొచ్చాయి. అప్పుడే నీళ్ళతో వాకిట్లోకి వస్తున్న తిమోతిని, పాలు దించమని కేకేసింది.

తిమోతి ఆగాడు. ఒక బకెట్టు దించాడు. రెండోదీ దించాడు. నడుము నిటారుగా చేసుకుని, గడప అవతలి నుంచే వినయంగా అడిగాడు.

"ఇప్పుడు సెప్పు."

అప్పటికే పాలు పొయ్యి పాలయ్యాయి. ఆమె పిండి చేత్తోనే గుడ్డ అందుకుని పొయ్యి తుడుచుకుంది. పాల సంగతి ఐదు పాఠాల్లో ఎక్కడా రాయలేదు మరి.