వరుస మార్చిన పంతులు

కామాటిపుర తెలుగు బడిలో నాలుగో తరగతి పౌరశాస్త్రం ఏళ్ళ తరబడి రాజలింగం పంతులుదే. "పౌరుని విధులేవి?" అని ఆయన అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్పేవారు. ఆ గొంతు సందు చివరిదాకా వినబడేది. అదే ఆయన గర్వం.

ఈ ఏడు చెక్క అడ్డుకు అవతల, మూడో తరగతికి రత్నాబాయి వచ్చింది. పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి, ఇళ్ళ నుంచి బిందెలు తెప్పించి, చాల్‌లో వరుస గదులన్నిటికీ ఉన్న ఒక్క నల్లా దగ్గర నీళ్ళు ఎవరు ముందు పట్టుకోవాలో మీరే తేల్చండి అంది. అవతల నవ్వులు. ఇవతల రాజలింగం పిల్లల చెవులన్నీ ఆ చెక్కకే. ఆయన కడుపు మండిపోయింది.

ఒకనాడు హెడ్‌మాస్టరు బాలనర్సయ్య మెల్లగా అన్నాడు: "పంతులూ, వచ్చే ఏడు నాలుగో తరగతి గూడ రత్నాబాయికే ఇద్దామనుకుంటున్న."

"ఆ బిందెల ఆట నాకు రాదనుకున్నరా? రేపొచ్చి చూడుండ్రి!"

మర్నాడు, పంతులు తెమ్మన్నట్టే, పిల్లలు వచ్చినవాళ్ళు వచ్చినట్టు బిందెలు, హండాలు, డాల్డా డబ్బాలు గోడ వారగా పెట్టి ప్రార్థనకు పోయారు. చాల్‌లో మనిషి లేకున్నా బిందె ఉంటే వంతు ఉన్నట్టే. రాజలింగానికి తెలియనిదేం కాదు. కానీ ఆ వంకర వరుస చూడగానే, రత్నాబాయి వరుస ఇంతకంటే తీరుగా ఉంటుందేమోనని తోచింది. పెద్దవి ముందు, చిన్నవి వెనక సర్దేశాడు.

హెడ్‌మాస్టరుతో పాటు పిల్లలు తిరిగొచ్చారు. చంద్రి అనే పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"అరే! నా డబ్బా ముందుండె. ఎనుకకు ఎవడు నూకిండ్రా?"

"చిన్న డబ్బా ఎనుకనే ఉంటది!" అన్నాడు హండా తెచ్చిన సైదులు.

"పెద్ద హండా ఉంటే ముందు నంబరా? మీ అయ్య నల్లానా?"

తరగతి సంతయింది. రాజలింగం బెత్తం ఎత్తాడు. బాలనర్సయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండుండ్రి. ఏం జేస్తరో చూద్దాం."

పిల్లలు గుంపులు కట్టి, అరుచుకుని, అలిగి, చివరికి తేల్చారు: వచ్చిన వరుసే వరుస, జరిపినోళ్ళు అందరికంటే ఆఖరు.

"ఇంతకు జరిపిందెవరు?" అంది చంద్రి.

రాజలింగం గొంతు సవరించుకున్నాడు. "నేనే."

"అయితే మీరే ఆఖరు, సార్."

బాలనర్సయ్య పడీపడీ నవ్వాడు. "నాలుగు మీకే ఉండనీ పంతులూ. బాయి పద్ధతి మీ క్లాసుల గూడ ఎంత మంచిగ నడిచింది!"

కోరింది దక్కింది. 'బాయి పద్ధతి' అన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

సందడి విని వచ్చిన రత్నాబాయి గుమ్మంలో నిలబడి ఉంది. "కావాలని వరుస జెడగొట్టి కొట్లాట పెట్టాలని నాకు తట్టనే లేదు సార్. రేపు నేను గూడ అట్లనే జేస్త."

"చెయ్యమ్మా," అన్నాడు రాజలింగం. "కాని అది నా పద్ధతని పిల్లలకు జెప్పు."