బండి పాసయింది

తడిగుడ్డ పిండి, వ్యాను ముందద్దాన్ని మళ్ళీ తుడుస్తున్నాడు డ్రైవరు. ఎంత తుడిచినా మసక వదలడం లేదు. ఆ మసక అద్దానిది కాదని అతనికి తెలుసు. అయినా తుడుస్తూ, పెదాల మధ్య అంకెలు నెమరేసుకుంటున్నాడు. ఏడు, రెండు, తొమ్మిది. నాలుగు, ఎనిమిది, మూడు. చివరి వరసకొచ్చేసరికి గొంతు సన్నబడుతుంది, అంకెలు చిన్నవైతే గొంతూ చిన్నదవ్వాలన్నట్టు.

పాత రాష్ట్రంలో లైసెన్సు ఆఫీసు గోడ మీద కళ్ళ పరీక్షకు పెట్టిన ఆ అంకెల బోర్డు ఎన్నడూ మారలేదు. డ్రైవర్లందరికీ కంఠతా వచ్చు. రెన్యువల్‌కి వెళ్ళే ముందు స్టాండులో ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు, పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. రాష్ట్రం మారితే కంటిబోర్డు కూడా మారుతుందన్న ఆలోచన వాళ్ళలో ఎవరికీ రాలేదు. కళ్ళు ఎక్కడైనా కళ్ళే కదా.

భార్య వచ్చి అతని చొక్కా పట్టుకుంది. గుండీలు ఒక కాజా పక్కకు జరిగాయి. అన్నీ విప్పి మళ్ళీ పెట్టింది.

"పెళ్ళైన కొత్తలోనూ ఇంతే. ఎప్పుడూ ఒక గుండీ మిగిలిపోయేది మీకు."

"నువ్వుండగా గుండీలు నేను చూసుకోవడమెందుకే?"

ఆమె నవ్వి, కాలరు సర్దింది. ఈమధ్య అతనితో మాట్లాడేటప్పుడు కాస్త దగ్గరగా వచ్చి నిలబడుతోంది.

ఆమె దారం చుట్టే మిల్లు మూతపడ్డాక, ఇక్కడ లిఫ్టులు బాగుచేసే ఆమె తమ్ముడు ఇద్దర్నీ పిలిపించుకున్నాడు. బేకరీ యజమానితో మాట్లాడి పెట్టాడు. తెల్లారగట్ల రొట్టెలు కొట్లకు చేర్చే పని. "ఈ రాష్ట్రం నంబరు, ఈ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకో. రేపు పొద్దున రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటా," అన్నాడు యజమాని. బండి నడపడం తప్ప ఇంకే పనీ డ్రైవరు చేసి ఎరగడు.

పాత ఊళ్ళో కళ్ళతో అవసరం పడలేదు. ఏ మలుపులో ఎంత తిప్పాలో భుజాలకు తెలుసు. గుంతలు నడుముకు తెలుసు. ఇక్కడి వీధులు భుజాలకింకా పరిచయం కాలేదు.

"బావా, సిగ్నలు ఎర్రగా ఉంది. కనబడట్లేదా?" అన్నాడు లైసెన్సు ఆఫీసుకెళ్ళే దారిలో పక్కన కూర్చున్న బావమరిది.

"నీకంటే ముందే కనబడింది," అంటూ గట్టిగా బ్రేకు తొక్కాడు.

ఆఫీసు ఆవరణలో ఇన్‌స్పెక్టరు వ్యాను చుట్టూ తిరిగాడు. లైట్లు వేయించాడు, హారను కొట్టించాడు, వంగి ఛాసిస్ నంబరు చూసుకున్నాడు. "ముసలిదే గానీ బాగా చూసుకున్నారు. పాస్," అన్నాడు. పాత నంబరు ప్లేటు ఊడదీసి కొత్తది బిగించారు. ఎండలో అది తళతళలాడింది.

"ముసలమ్మకి ముక్కుపుడకలా ఉందండీ!" అని భార్య పకపక నవ్వింది. డ్రైవరు ఆ ప్లేటుని వేళ్ళతో తడిమి, అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నందుకు సంతోషించాడు.

లోపల కౌంటరు దగ్గరి అమ్మాయి అతని పాత కార్డు తీసుకుని, కత్తెరతో మూల కత్తిరించి డబ్బాలో వేసింది. "ఇదింక చెల్లదు పెద్దాయనా. కొత్తది ఇస్తాం. ఆ గీత మీద నిలబడి బోర్డు చదవండి."

అతను గీత మీద నిలబడ్డాడు. అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు. ఎదుట గోడ మీద తెల్లగా ఏదో ఉంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఏడు, రెండు, తొమ్మిది. ఎక్కడా తడబడలేదు. చివరి వరస దగ్గర అలవాటుగా గొంతు సన్నబడింది.

అమ్మాయి బోర్డు వైపు చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.

"పెద్దాయనా, అక్కడ అంకెలు లేవు. అన్నీ గుండ్రాలు. ఒక్కో గుండ్రానికి ఒక్కో వైపు నోరు తెరిచుంటుంది. ఏ వైపో చేత్తో చూపించాలి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి ఏ వైపూ తిరగలేదు. చాలాసేపటికి దానంతటదే దిగిపోయింది.

"కళ్ళద్దాలు మర్చిపోయారా?"

"అద్దాలతో కుదరదన్నాడమ్మా డాక్టరు."

"ఎప్పుడన్నాడు?" వెనకనుంచి భార్య అడిగింది. అతను వెనక్కి తిరగలేదు.

"పాతది తిరిగిచ్చేద్దామంటే... కత్తిరించేశానండీ," అంది అమ్మాయి, తప్పు తనదైనట్టు.

బయట మెట్ల మీద అతను కూలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "కాస్త నీరసంగా ఉంది. ఎండకి," అన్నాడు. భార్య చెంగుతో అతని మెడ తుడిచింది.

"బండి పాసై డ్రైవరు ఫెయిలవడం ఎక్కడైనా ఉందా బావా?" అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వకపోయేసరికి తల గోక్కున్నాడు. "బేకరీ ఆయనకేం చెప్పను?"

"బండి ఉందని చెప్పు. నడిపేవాణ్ణి చూసుకోమను."

తాళాలు బావమరిది చేతిలో పెట్టి, అలవాటుగా స్టీరింగు వైపు తలుపు దాకా నడిచాడు. పిడి మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది. బానెట్టు మీద చెయ్యి జార్చుకుంటూ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు.

వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా అతని కాలు కింద పరిచిన రబ్బరు పట్టాను నొక్కుతోంది.

"బావా, అక్కడ బ్రేకు లేదు."

"తెలుసురా."

"మరెందుకు తొక్కుతున్నావ్?"

"నువ్వు తొక్కట్లేదు గనక."

వెనక బల్ల మీద కూర్చున్న భార్య ఫక్కుమంది. నవ్వుతూనే ముఖం తుడుచుకుంది. అతను తల కిటికీకి ఆనించాడు.

"ఇదిగో, ఈ వీధి ఎలా ఉందే?"

ఆమె సీట్ల మధ్యకు వంగి చెప్పసాగింది. నీలం గేటండీ, దాని మీద పిల్లి కూర్చునుంది. ఊఁ, అన్నాడు. మేడ మీద ఒకావిడ దుప్పటి ఆరేస్తుంటే గాలికి అది ఆవిణ్ణే చుట్టేసింది. ఊఁ. సైకిలు షాపాయన చక్రం తిప్పి, ఊరికే దాన్నే చూస్తున్నాడు. ఊఁ. ఇక్కడ గోడంతా ఎర్రపూలు, సగం రోడ్డు మీదే రాలాయి.

ఊఁ వినబడలేదు. నిద్రపట్టిందనుకుని ఆమె గొంతు తగ్గించింది. చెప్పడం మాత్రం మానలేదు. బళ్ళో గంట కొట్టారండీ, పిల్లలు పరిగెడుతున్నారు. ఇదిగో, మన సందు వచ్చేసింది.

తమ్ముడు బండి ఆపి, "బావా," అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి ఇంకోసారి అన్నాడు. ఆమె అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత అక్కాతమ్ముడూ కలిసి అతన్ని కిందికి దించారు.

పక్క సీటు ముందు, రబ్బరు పట్టా మీద, కుడికాలి చెప్పు ఒక్కటీ ఉండిపోయింది.