కేకు మీది గన్నేరు

ఆ బేకరీ ఇద్దరు తోడికోడళ్ళది. ఓవెన్ పెద్దకోడలిది, క్రీము చిన్నకోడలిది. కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరి మంచిచెడ్డలూ కనుక్కునే పని అత్తగారిది. అన్నదమ్ములిద్దరూ వేరే ఉద్యోగాల్లో ఉన్నారు కాబట్టి కొట్టు గొడవల్లో వేలు పెట్టేవాళ్ళు కారు. పెట్టినా ఆ వేలు అక్కడ నిలిచేది కాదు.

పెద్దకోడలిని మరిది "జడ్జమ్మ" అని పిలిచేవాడు. ఏ విషయమైనా ఆవిడ దగ్గరికి వెళితే రెండు మాటల్లో తేల్చిపారేసేది. పిండి పొంగలేదంటే పొంగలేదు, పారెయ్యాల్సిందే. వెన్న వాసన తేడాగా ఉందంటే ఉంది, వాపసు పంపాల్సిందే. పునర్విచారణ ఉండదు. చిన్నకోడలిది దానికి పూర్తిగా వ్యతిరేకమైన తీరు. చేతిలో కళ ఉంది, కంట్లో కళ ఉంది, కాని ఏ పని చేసినా "బాగుందా అక్కా?" అని పెద్దకోడలి ముఖంలోకి చూసేది. ఈ మధ్య కేకుల మీద క్రీము పూలకు బదులు నిజం పూలు పెట్టడం మొదలుపెట్టింది. వాటిని చూసి జనం ఫొటోలు తీసుకుంటుంటే ఆ పిల్ల ముఖం వెలిగిపోయేది. గులాబీలైతే పెద్దకోడలు తనే తెలిసినవాళ్ళ తోట నుంచి, మందు చల్లనివి తెప్పించేది.

ఆ రోజు పొద్దున జడ్జమ్మ పన్ను పీకించుకోవడానికి వెళ్ళక తప్పలేదు. ఎన్నాళ్ళుగానో వాయిదా వేసిన పంటి కేసు అది. తిరిగొచ్చేసరికి దవడలో దూది, సగం ముఖం మొద్దుబారిపోయి పెదవి ఒక పక్కకు వేలాడుతోంది. అత్తగారు చూసి "అయ్యో తల్లీ" అంది కాని, పమిట కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోచ్ మేడం కేకు వెళ్ళిపోయింది అక్కా," అంది చిన్నకోడలు హుషారుగా. "ఎంత బాగా వచ్చిందో! తోటవాళ్ళు గులాబీలు పంపలేదు. ఏం చెయ్యాలా అని చూస్తే మన సందు చివర కార్లు నిలిపే చోట కంచె ఉంది చూడు, దాని నిండా లేత గులాబీరంగు పూలు. ముద్దగా, అచ్చం చిన్న రోజాపూలే. కొలను గట్టులాగా కేకు చుట్టూ గుచ్చేశాను."

ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పే కోచ్ మేడం ఆ రోజే పదవీ విరమణ చేస్తోంది. ఆవిడ దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలంతా కలిసి చేస్తున్న వేడుక అది. కేకు నీలం రంగులో, పైన నీటి అలల్లాంటి క్రీముతో రావాలని చెప్పి చేయించుకున్నారు.

పెద్దకోడలు లోపలి గదిలోకి నడిచింది. బల్ల మీద కత్తిరించి పడేసిన ఆకులూ కాడలూ ఇంకా అలాగే ఉన్నాయి. ఒక కొమ్మ చేతిలోకి తీసుకుంది. పొడుగ్గా, సన్నగా, తోలు ముక్కలా గట్టిగా ఉన్న ఆకులు. మధ్యలో నిట్టనిలువుగా ఈనె. కణుపుకు మూడేసి ఆకులు. కొమ్మ పట్టుకునే, వెనకాలే వచ్చిన చిన్నకోడలి వైపు తిరిగింది.

ఏదో అనబోయింది. నోట్లోంచి మాట బయటికి రాలేదు, వచ్చిందల్లా గాలీ, దూదీ. బల్ల మీద పరుచుకున్న పిండిలో వేలితో పెద్ద అక్షరాలు రాసింది: గన్నేరు.

చిన్నకోడలు చదివి నవ్వబోయి ఆగింది. "గన్నేరా? గన్నేరంటే పచ్చగా, గంటలా ఉంటుంది కదక్కా? మా ఫ్లాట్ల ముందు ఉండేది. ఇది వేరే..."

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. ఆవిడ పుట్టింటి పెరట్లో రెండూ ఉండేవి. ముద్దగన్నేరు, ఒంటిరేకు గన్నేరు, తెలుపు, ఎరుపు, గులాబీ, పేరు ఏదైనా బుద్ధి ఒకటే. కత్తిరించి పడేసిన రెమ్మలు మేసి పక్కింటి దూడ సాయంత్రానికి చచ్చిపోవడం చిన్నప్పుడు కళ్ళారా చూసింది.

"గన్నేరు విషం కాదుటే!" అని అత్తగారు గుమ్మంలోంచి కేకవేసింది. "గింజేగా విషం? పువ్వు కూడానా?"

పెద్దకోడలు చేత్తో అంతా చుట్టి చూపించింది. పువ్వు, ఆకు, కాడ, అన్నీ. అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఈత కొలను హాలు. పిల్లల అరుపులు గోడలకు తగిలి ప్రతిధ్వనిస్తున్నాయి.

"కేకు కొయ్యొ... కొయ్యొ..." అంది ఆవిడ, "ద్దు" అనేది నాలుక మీదికి ఎంతకీ రాక.

"ఇంకా కొయ్యలేదండీ!" అని కోచ్ మేడం ఉత్సాహంగా అరిచింది. "మీరేం కంగారుపడకండి, ఇప్పుడే కోసేస్తాం!" ఫోను పెట్టేసింది. చిన్నకోడలు మళ్ళీ మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది కాని ఎత్తే నాథుడు లేడు.

"మీరు చేస్తూనే ఉండండి అత్తయ్యా," అని చిన్నకోడలు కొట్టు ఫోను అత్తగారి చేతిలో పెట్టి స్కూటరు తీసింది. పెద్దకోడలు ఆ కొమ్మను ఒక సంచిలో వేసుకుని వెనక ఎక్కింది.

దారిలో చిన్నకోడలు ఏడుపు గొంతుతో అంది. "అక్కా, క్రీము విరిగిపోయిందని చెబుదాం. వేరే కేకు పంపుతామందాం. విషం అంటే ఇక మన కొట్టు మొహం ఎవరు చూస్తారు?"

వెనకనుంచి వీపు మీద ఒక్క చరుపు పడింది. నోరు లేకపోయినా తీర్పు స్పష్టంగానే ఉంది.

హాల్లో అడుగు పెట్టేసరికి కోచ్ మేడం చేతిలో కత్తి ఉంది. చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు, వెనక తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. చిన్నకోడలు "ఆగండి!" అని అరిచింది కాని ఆ గోలలో ఆ గొంతు ఎవరికి వినిపిస్తుంది? పెద్దకోడలు గుంపును మోచేతుల్తో చీల్చుకుంటూ ముందుకు వెళ్ళి, కోచ్ మేడం మెడలో వేలాడుతున్న ఈలను పట్టుకుని, నోట్లో మొద్దుబారని పక్కన పెట్టుకుని, ఊపిరంతా కూడదీసి ఊదింది.

ఆ ఈలకు అర్థం ఆ పిల్లలకు బాగా తెలుసు. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి, గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. ఈత రాని ఇద్దరు నాన్నలు కూడా వాళ్ళతోపాటు నిలబడ్డారు.

పెద్దకోడలు కత్తి తీసుకుని పక్కన పెట్టింది. తర్వాత తోడికోడలి వైపు తిరిగి గడ్డం ఎత్తింది. చెప్పు, అన్నట్టు.

చిన్నకోడలు ఒక్క క్షణం తడబడింది. అటు చూస్తే విరిగిన క్రీము అబద్ధం నాలుక చివరే ఉంది. ఇటు చూస్తే అక్క కళ్ళు. పిల్లల వైపు తిరిగింది.

"ఈ పూలు పెట్టింది నేనే. ఇవి గన్నేరు పూలు, విషం. నాకు తెలియక పెట్టాను. కేకు ఎవరూ ముట్టుకోకండి. ఎవరైనా పువ్వు పీకినా, క్రీము నాకినా ఇప్పుడే చెప్పండి. ఎవరూ తిట్టరు. నేను తిట్టనివ్వను."

ఒక తల్లి కోపంగా ఏదో మొదలుపెట్టింది. అంతలో వరస చివరనుంచి కోచ్ మేడం మనవరాలు, స్నానపు టవలు భుజాన వేసుకున్న బుడ్డది, వెనక దాచిన చెయ్యి ముందుకు చాపింది. గుప్పిట్లో నలిగిన పువ్వు. కాడకు అంటిన క్రీము మాత్రం లేదు.

"క్రీము చీకేశా," అంది. "తియ్యగానే ఉంది."

కోచ్ మేడం ముఖం పాలిపోయింది. ఎవరో "ఉప్పునీళ్ళు తాగించి కక్కించండి" అన్నారు. పెద్దకోడలు చెయ్యి అడ్డం పెట్టింది. వద్దు. పిల్లను పంపు దగ్గరికి తీసుకెళ్ళి నోరు పుక్కిలించి ఉమ్మించింది, సబ్బుతో చేతులు కడిగించింది. ఈలోగా చిన్నకోడలు విషాల సహాయకేంద్రానికి ఫోను చేసింది. మొక్క ఏది, పిల్ల ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, వయసెంత, అన్నిటికీ జవాబు చెప్పింది. గన్నేరు గుండె మీద పనిచేస్తుంది, పిల్ల ఇప్పుడు బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాల్సిందే, కక్కించకండి, మొక్క రెమ్మ వెంట తీసుకెళ్ళండి అన్నారు అవతలివాళ్ళు. రెమ్మ అప్పటికే పెద్దకోడలి సంచిలో ఉంది.

కోచ్ మేడం, మనవరాలు ఎక్కిన కారు ఎక్కబోతూ పెద్దకోడలు వెనక్కి తిరిగి హాల్లోకి చూసింది. ఒకాయన కేకు మీది పూలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. "పూలు తీసేస్తే సరి కదమ్మా? ఇంత కేకు వృథా ఎందుకు, లేకపోతే కుక్కలకైనా..."

"వద్దండీ," అంది చిన్నకోడలు. ఈసారి పెద్దకోడలి ముఖం వైపు చూడలేదు. "కాడల్లో రసం లోపలికి దిగిపోయి ఉంటుంది. మనుషులకు పనికిరానిది కుక్కలకు మాత్రం ఎలా పనికొస్తుంది? మీరూ చేతులు కడుక్కోండి." కేకు మొత్తాన్ని రెండు సంచుల్లో మూటకట్టి తనే పట్టుకెళ్ళి చెత్తలో వేసింది. అంత అందమైన కేకు అంతకు ముందెప్పుడూ చెయ్యలేదు ఆ పిల్ల. మూతి బిగించి మూత వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు రెమ్మ చూసి, మొక్కను సరిగ్గా గుర్తుపట్టి తెచ్చినందుకు మెచ్చుకున్నాడు. పిల్ల గుండెకు తీగలు అతికించి, మంచం పక్కన మిషను పెట్టారు. గుండె కొట్టుకోవడం సక్రమంగానే ఉంది. అయినా కొంతసేపు గమనించి పంపుతామన్నారు. పిల్లకు మాత్రం తెర మీద పరిగెత్తే గీత ఆటబొమ్మలా ఉంది. ఊపిరి బిగబట్టి ఆ గీతను మార్చాలని చూస్తోంది.

మధ్యాహ్నం దాటేసరికి పెద్దకోడలి పెదవికి ప్రాణం వచ్చింది. ప్రాణంతోపాటు మాటలూ వచ్చాయి. పొద్దుటి నుంచి బాకీ పడ్డ మాటలన్నీ కోచ్ మేడం మీద కురిశాయి.

"తప్పు మాదే మేడం. మా కొట్లోంచి వచ్చినదానికి జవాబు మాది. మీరు ఎంత కోప్పడ్డా పడతాం."

కోచ్ మేడం మనవరాలి పాదం నిమురుతోంది. "కోపం ఉంది," అంది. "లేదని ఎలా అంటాను? కాని మీ చెల్లి ఏ క్రీమో పాడైందని సాకు చెప్పుంటే ఇది గుప్పిట విప్పేదే కాదు. ఆ సంగతి కూడా అనుకుంటున్నాను." "నీళ్ళ దగ్గర ఎవరు జారిపడ్డా నేను పిల్లలకు చెప్పేది అదే. దాచకుండా వెంటనే అరవమని," అంది.

సాయంత్రానికి పిల్లను ఇంటికి పంపించేశారు. ఏమీ కాలేదు. అక్కడ కొలను దగ్గర వేడుక కూడా ఆగలేదు. అత్తగారు కొట్లో ఉన్న బన్నులూ బిస్కెట్లూ మామూలు కేకు ముక్కలూ అన్నీ అట్టపెట్టెల్లోకి ఎత్తించి, కొడుకును పిలిచి పంపించేసింది. పిల్లలకు తేడా తెలియలేదు, పైగా బన్నుల కోసం కొట్టుకున్నారు.

మర్నాడు కొట్టు తెరవగానే చిన్నకోడలు "నేనింక పూలు పెట్టనక్కా" అంది.

"ఎందుకు పెట్టవు? పెట్టు. తెలిసిన పువ్వే పెట్టు," అంది జడ్జమ్మ. "మొక్క పేరు నీ నోటితో గట్టిగా చెప్పగలిగితేనే అది కేకు ఎక్కాలి. అనుమానం ఉంటే లేదన్నట్టే."

తీర్పు అయిపోయింది. కొట్టు వెనక ఎండ తగిలే చోట గులాబీలూ చామంతులూ చిన్నకోడలే పెంచడం మొదలుపెట్టింది, పురుగుమందు చుక్క తగలకుండా. ఎవరూ అడక్కుండానే కొట్టంతా ఒకసారి తిరిగి చూసింది. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీల పక్కనే అత్తగారి ముద్దుల కుండీ ఉంది, వెడల్పాటి పచ్చటి ఆకుల మీద తెల్లటి మచ్చలతో.

"అత్తయ్యా, ఇది ఇక్కడ ఉండకూడదు. ఆకు కొరికితే నోరు మండిపోయి, నాలుక వాచి మాట పడిపోతుంది."

"ఇన్నేళ్ళూ ఎవరు కొరికారే?" అని అత్తగారు కుండీని కావలించుకున్నంత పని చేసింది.

"కొరికే వయసువాళ్ళు ఇప్పుడొస్తున్నారు."

అప్పుడే టీకి వచ్చిన మరిది కుండీ వైపూ పెద్దొదిన వైపూ చూసి, "మాట పడిపోతుందా? అయితే దాన్ని వదిన ఓవెన్ పక్కన పెట్టండి," అన్నాడు. జడ్జమ్మ విసిరిన గరిట తలుపుకు తగిలింది. కుండీ మేడ మీదకు, ఏ పిల్లా ఎక్కలేని ఎత్తుకు వెళ్ళింది. అత్తగారు రోజూ మెట్లెక్కి వెళ్ళి దాన్ని పలకరించి వస్తోంది.

సందు చివర కంచె గురించి కోచ్ మేడమే వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడింది. ఆవిడ ముందు నిలబడి కాదనడం కష్టం. కొలను వైపు వచ్చే పిల్లల చేతికి అందే కొమ్మలన్నీ కొట్టించారు. ఎండిన రెమ్మలు కాల్చడానికి వీల్లేదని, పొగ కూడా మంచిది కాదని చిన్నకోడలు వెళ్ళి చెప్పొచ్చింది.

ఒకనాడు ఒక పెళ్ళికూతురి అక్క బుట్టెడు పూలతో వచ్చింది. నీలం, ఊదా కలిసిన గుత్తులు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. "మా ఇంటివే. వీటినే కేకు పైనుంచి కిందికి జారేలా పెట్టాలి. మా చెల్లి మనసు పడింది," అంది.

పెద్దకోడలు ఓవెన్ దగ్గరే ఉంది. తలుపు తీసి రొట్టెలు తిప్పుతోంది కాని చెవులు మాత్రం కౌంటరు దగ్గరే ఉన్నాయి.

"ఇవి హైడ్రేంజియాలండీ," అంది చిన్నకోడలు. "కేకు మీద పెట్టను. కడుపులోకి వెళ్తే మంచివి కావు."

"మేమేమైనా తింటామా? అలంకారానికేగా!"

"కేకు మీద ఉన్నదాన్ని పిల్లలు తినేదే అనుకుంటారు. ఇదే రంగు గుత్తులు క్రీముతో చేసి ఇస్తాను, దూరం నుంచి చూస్తే మీకే తెలియదు. మీ పూలు అందరికీ కనపడేలా ఎత్తుగా జాడీలో పెట్టుకోండి, పిల్లల చేతికి అందకుండా. రెండూ పక్కపక్కన ఉంటే మీ చెల్లి ఫొటోలో ఇంకా బాగుంటుంది."

ఆ వచ్చినామె కాసేపు బుట్ట వైపు, కాసేపు చిన్నకోడలి వైపు చూసింది. "క్రీముతో ఇంత నాజూకుగా వస్తుందా?"

చిన్నకోడలు నవ్వి, క్రీము గొట్టం తీసుకుని పళ్ళెంలో ఒక గుత్తి చేసి చూపించింది. ఊదా నుంచి నీలంలోకి రేకు రేకుకూ రంగు మారుతూ వచ్చింది.

వచ్చినామె దాన్ని వేలితో తీసి నోట్లో వేసుకుంది. "సరే, ఇలాగే చెయ్యండి," అంది, రెండో గుత్తి కోసం పళ్ళెం దగ్గరికి జరుపుకుంటూ.