నల్ల జిగురు

"తెరవకుండా బాగుచెయ్యలేవా, మార్గిట్?" అంది అత్తయ్య, నేను కాఫీ కప్పు పక్కకు జరిపి, పాడై తిరిగొచ్చిన పెడల్ వెనక మరలు విప్పుతుంటే. మూత తీయకుండా కుండలో ఏముందో చెప్పమన్నట్టుంది.

గిటారు వాయించేవాళ్ళు కాలితో నొక్కే చిన్న పెట్టె అది. మీటిన స్వరాన్ని మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. స్టెలన్ పెట్టె అంటే మా గోథెన్‌బర్గ్‌లోనే కాదు, పొరుగుదేశపు ఓస్లోలోనూ పేరు. స్టెలన్ నా భర్త. కిందటి చలికాలంలో గుండె ఆగి పోయాడు. లోపలి ముక్కల, తీగల అమరికను ఎవరూ కాపీ కొట్టకుండా దానిమీద నల్ల జిగురు పోసేవాడు. ఆరితే అది రాయే. ఈ పనిలో చాలామంది అలాగే చేస్తారు. కాకపోతే ఆ జిగురు కింద ఉన్నది నా అమరిక. ఒక కాలితో పసిదాని బండి ఊపుతూ, ఈ వంటింటి బల్లమీదే గీసుకుని, ఒక్కో ముక్కకూ నేనే టంకం పెట్టాను. అది మొదటిసారి పలికిన రోజు నన్ను ముద్దు పెట్టుకున్నాడు. మర్నాడు జిగురు కలిపాడు.

"గుట్టు బయటపడితే మన బతుకేం కాను?" అన్నాడు. ఎవరి గుట్టు అని నేను అడగలేదు. పెట్టె పాడై తిరిగొస్తే మాత్రం కొన్నవాళ్ళ ముందు నవ్వేవాడు. "టంకం మా ఆవిడ పెట్టింది లెండి. ఒక చెయ్యి చేపల సూపులో, ఒక చెయ్యి దీనిమీద." వాళ్ళూ నవ్వేవారు. కాఫీ పోస్తూ నేనూ నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మనిషి పోయినా మాట పోలేదు. టంకం కడ్డీ వేడెక్కుతుంటే నా భుజం వెనక అతని ఊపిరి వినిపిస్తుంది.

స్పీకరుకు కలిపిన తీగ మొనతో ఒక్కోచోటా తాకుతూ స్వరం వెంట వెళ్ళాను. ఇక్కడ పలికింది, ఆ పక్కనా పలికింది. జిగురు కిందికి వెళ్ళాక అవతల మూగబోయింది. "చూశావా, నీ టంకమే" అన్నాడు స్టెలన్ నా చెవిలో. నేనూ అంతే అనుకున్నాను. వేడిగాలి పట్టి జిగురు మెత్తబరిచి, పుల్లతో కొంచెం కొంచెంగా గోకాను. నా టంకాలు బయటపడ్డాయి. ఒక్కటీ కదల్లేదు. వాటి మధ్య ఒక ముక్కకున్న సన్నని తీగకాలు తెగి ఉంది. ఇన్నేళ్ళూ వేడికి ఉబ్బి, చలికి ముడుచుకుని, ఆ నల్ల జిగురే దాన్ని లాగి తెంపింది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. తర్వాత కొత్త ముక్క వేసి, గిటారు తీగ ఒకసారి మీటాను. స్వరం వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ తిరిగొచ్చింది.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "విన్నావా? మావాడే. ఇక నల్లది పోసి మూసెయ్యి, తల్లీ. వాడి గుట్టు వాడి దగ్గరే ఉండనీ."

జిగురు డబ్బా చెత్తబుట్టలో పడేసి, మూత మరలు బిగించాను.

"అది స్టెలన్ కాదు, అత్తయ్యా. నేను."