నేమ్ ప్లేటు చెప్పిన సోడా కేసు

నేను ఒక నేమ్ ప్లేటుని. గుమ్మం పక్కన వేలాడే ఇత్తడి నేమ్ ప్లేటుని కాదు లెండి, అంత దర్జా నాకెక్కడిది! జానెడు పొడవున్న యాక్రిలిక్ ముక్కని. నడుం దగ్గర వంచారు కాబట్టి బల్లమీద చిన్న గుడారంలా నిలబడతాను. అట్టముక్క దూర్చుకోవడానికి నా ముందువైపు ఒక సందుంది. ఆ అట్టమీద ఎవరి పేరు రాస్తే నేను వాళ్లదాన్ని. అంతకుమించి నాకు కులమూ లేదు, గోత్రమూ లేదు.

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ దగ్గర ఒక షాపులో నన్ను కోశారు. పెద్ద షీటులోంచి డాక్టర్ల బోర్డులూ, ఆటల పోటీల షీల్డులూ తీయగా మిగిలిన అంచులోంచి నేనూ నా తోబుట్టువులూ పుట్టాం. వేడి తీగ మీద పెట్టి వంచినప్పుడు ప్రాణం లేచొచ్చింది. నాతోపాటు పుట్టినవాడు ఒకడు కబడ్డీ షీల్డై ఏదో పంచాయతీ ఆఫీసులో గాజు బీరువా ఎక్కాడు. నేను ఎంబీయే చదవడానికి వచ్చాను.

ఎంబీయే కాలేజీలో నాలాంటివాళ్లు క్లాసు నిండా ఉంటారు. ఎందుకంటారా? అక్కడ మేస్టర్లు పాఠం చెప్పరు, అడుగుతారు. పేరు చూసి మరీ అడుగుతారు. నోరు తెరిచి ఏదో ఒకటి మాట్లాడినవాళ్లకి మార్కులుంటాయి. అందుకని నా మొదటి యజమాని బెహరా ప్రణీత్ రోజూ చెయ్యెత్తేవాడు. ఏం చెప్పేవాడనుకున్నారు? ముందు మాట్లాడినవాడు చెప్పినదే! “ఆ పాయింటుకి ఇంకొంచెం కలుపుతాను సార్” అని మొదలుపెట్టి, ఏమీ కలపకుండా కూచునేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఉద్యోగం అందరికన్నా ముందు వాడికే వచ్చింది. వాడి తరవాత నౌషీన్ అనే అమ్మాయి చేతిలో పడ్డాను. ఆ పిల్ల నన్ను అడ్డం పెట్టుకుని మిక్చరు తినేది. నా సందులో ఇప్పటికీ ఒక వేరుశనగ పొట్టు ఇరుక్కుని ఉంది. ఆవిడ ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో, ఉద్యోగాలు పోయినవాళ్లకి ఆ కబురు మర్యాదగా చెప్పే పని చేస్తోందట.

వాళ్లతోపాటు నేనూ చదువుకున్నాను. మార్కెటింగ్ మేస్టారు వచ్చి ఖర్చు పెట్టమంటాడు. ఆయన వెళ్లగానే ఫైనాన్స్ మేడమ్ వచ్చి ఎందుకు పెట్టావంటుంది. హెచ్చార్ వాళ్లు ఆ ఇద్దరికీ రాజీ చెయ్యమంటారు. చివరికి స్ట్రాటజీ మేస్టారు వచ్చి, అసలీ వ్యాపారంలోకి నువ్వెందుకు దిగావని అడుగుతాడు. నలుగురూ చెప్పిందీ పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు.

అన్నిటికంటే సరదా అయినవి కేసులు. కోర్టు కేసులు కావండోయ్. ఏదో ఒక కంపెనీకి నిజంగా జరిగిన కథని కొన్ని పేజీల్లో రాసిచ్చి, నువ్వయితే ఏం చేసేవాడివని అడుగుతారు. ఇంక చూడాలి! కుర్చీలోంచి లేవకుండా ప్రపంచంలోని కంపెనీలన్నీ బాగుచేసేస్తారు. హాస్టల్లో పాడైన గీజరు మాత్రం నేనున్నంత కాలం బాగుపడలేదు.

మూడోసారి నా సందులోకి వచ్చిన పేరు చెల్లుబోయిన నీరజ. తణుకు అమ్మాయి. తక్కువ మాట్లాడేది, ఆలోచిస్తూ నా అంచుని గోటితో గీకుతూ ఉండేది. ఒకసారి స్ట్రాటజీ చెప్పే పూడిపెద్ది సార్, తెలిసిన వ్యాపారం ఏదైనా తీసుకుని తలా ఒక కేసు రాసుకురమ్మన్నారు. నీరజ తణుకులో మూతపడిన ఒక సోడా కంపెనీ గురించి రాసింది. అసలు పేరు చిలకమార్కు సోడా. పేర్లు మార్చాలన్నారని చిలకని తీసేసి నెమలిని పెట్టింది.

క్లాసయ్యాక సార్ ఆమెని ఆపారు. నేను ఆమె చేతిలోనే ఉన్నాను.

“కేసు బ్రహ్మాండంగా ఉందమ్మా. మన క్లాసులోనే చెబుతాను. కానీ ఓనరు ఒప్పుకోవాలి కదా. ఆయన నీకు తెలుసా?”

నీరజ నా అంచుని గోటితో గీకింది. “మా నాన్నగారే సార్,” అంది.

అప్పుడు చెప్పుకొచ్చింది పిల్ల. ఒకప్పుడు తణుకు చుట్టుపక్కల పెళ్లిళ్లకీ సినిమా హాళ్లకీ వాళ్ల నాన్న సత్తిరాజు గారి నిమ్మసోడానే వెళ్లేది. ప్లాస్టిక్ సీసాల్లో పెద్ద కంపెనీల డ్రింకులొచ్చాయి. గాజు సీసాలు తిరిగి తీసుకోవడం కొట్లవాళ్లకి విసుగైపోయింది. అమ్మకాలు జారిపోతున్నాయి. సరిగ్గా ఆ ఏడాదే ఆయన సోడా నింపే ఇంకో పెద్ద మెషిన్ కొన్నారు. దాంతో మొత్తం మునిగిపోయింది. ఇప్పుడాయన బావమరిది సిమెంటు కొట్లో కూచుంటున్నారు.

“కంపెనీ పోయినందుకు కాదు సార్ నా బాధ,” అంది నీరజ. “అప్పటినించీ మా ఇంట్లో ఆ ఊసే ఎవరూ ఎత్తరు. ఆయనా చెప్పరు, మేమూ అడగం. నాన్న మాతో మాట్లాడ్డమే తగ్గించేశారు. ఆయన్ని అడగలేకే ఇది రాసుకున్నాను.”

సార్ తణుక్కి ఫోన్ చేశారు. ఆయనకో అలవాటుంది. కేసులోని మనిషిని పిలిచి, ఎవరో ఏమిటో చెప్పకుండా వెనక వరసలో కూచోబెడతారు. చర్చంతా అయ్యాక లేపి చూపిస్తారు. సత్తిరాజు గారు ఏమీ అడక్కుండా సరేనన్నారట. ఆ కబురు వినగానే నీరజ గుండెల్లో రాయి పడింది. తన క్లాసువాళ్ల నోళ్లు ఎలాంటివో తనకి తెలుసు. కంపెనీ ఎవరిదన్నది చూడరు, ఏకిపారేస్తారు. అసలే ముడుచుకుపోయిన మనిషి. రేపు పరాయివాళ్ల మధ్య అవమానపడితే ఇంక జన్మలో నోరు విప్పడేమోనని పిల్ల హడలిపోయింది.

“కాస్త మెత్తగా మాట్లాడమని మావాళ్లకి ముందే చెప్పండి సార్,” అని బతిమాలింది.

“చెప్పనమ్మా,” అన్నారు సార్. “మెత్తగా మాట్లాడితే అది పరామర్శ అవుతుంది. పరామర్శలు ఆయనకి ఊళ్లో చాలానే దొరికుంటాయి.”

నాకు ఆ క్షణంలో పూడిపెద్ది సార్ మీద ఒళ్లు మండింది. ఎంత చదివితే ఏం లాభం, ఆడపిల్ల కళ్లలో నీళ్లు కనబడవా అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లచొక్కా, చేతిలో మడిచిన గొడుగు, తల వంచుకుని వచ్చి వెనకాల మూలసీట్లో కూచున్నారు సత్తిరాజు గారు. యూనివర్సిటీ నించి ఇన్స్పెక్షన్‌కి వచ్చాడేమోనని పిల్లలు చొక్కాలు సర్దుకున్నారు. నీరజ వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, ఎక్కడ పగిలిపోతానోనని నాకే భయమేసింది.

“ఇవాళ్టి కేసు గోదావరి జిల్లాది. తెలుగులోనే పోట్లాడుకోండి,” అన్నారు సార్.

తెలుగు అనగానే ఇంక అడ్డేముంది! హైదరాబాద్ కుర్రాడు రుత్విక్ మొదట లేచాడు. “సార్, ఈ నెమలి మార్కు ఓనరుకి సోడా కొట్టుడొచ్చు గానీ, బిజినెస్ జేసుడు రాదు సార్. సేల్స్ పడిపోతుంటే ఇంకో మెషిన్ కొంటడా ఎవడన్నా?”

క్లాసంతా గొల్లుమంది. ఇంకెవరో అందుకుని, మొదటి మెషిన్ మీద పెట్టింది వదులుకోలేక రెండోది కొన్నాడన్నారు. దాన్ని సంక్ కాస్ట్ అంటారు. పెట్టింది ఎలాగూ తిరిగిరాదు కాబట్టి, దాన్ని చూసుకుని ఇంకా పెట్టకూడదని వీళ్లకి మొదటి ఏడాదే నేర్పిస్తారు. ఒకమ్మాయి ఈగో అంది. ఇంకొకడు, పాపం ఆయనకి చెప్పేవాళ్లు లేరేమో అన్నాడు. “చెప్తే వినే మనిషి లెక్క కనిపిస్తలేడు భయ్,” అన్నాడు రుత్విక్. మళ్లీ నవ్వులు.

అప్పుడు పడింది సార్ చూపు నామీద.

“నీరజా, నువ్వేమంటావు?”

పిల్ల లేచి నిలబడింది. నాన్నని వెనకేసుకురావడానికి మాటలు కూడగట్టుకునే వచ్చిందని నాకు తెలుసు. పొద్దున్నించీ పెదాలతో వల్లె వేసుకుంటోంది. తీరా నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

“మెషిన్ కొనడం తప్పే సార్,” అంది. “కానీ కొనొద్దని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. నాకు కూడా. ఆయన మా నాన్నగారు సార్.”

క్లాసు బిక్కచచ్చిపోయింది. సార్ వెనక్కి చెయ్యి చూపించి, “నెమలి మార్కు ఓనరు సత్తిరాజు గారు అక్కడే ఉన్నారు,” అన్నారు. అందరూ ఒక్కసారి తిరిగి చూశారు. నీరజ మాత్రం కళ్లు మూసుకుంది.

సత్తిరాజు గారు మెల్లగా లేచారు. అటూ ఇటూ చూసి, “ఆగిపోయారేంటండీ?” అన్నారు. “బాగా చెబుతున్నారు. కానివ్వండి.”

ఆయన గొడుగు సీట్లోనే వదిలేసి ముందుకొచ్చారు. సార్ కుర్చీ వేశారు. నేమ్ ప్లేటు లేకుండా ఎవరూ మాట్లాడకూడదన్నది ఆ క్లాసు కట్టుబాటు, అందుకని నీరజ నా అట్టముక్క లాగి, వెనకవైపు చెల్లుబోయిన సత్తిరాజు అని రాసి, నన్ను తీసుకొచ్చి నాన్న ముందు పెట్టింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అన్ని పేర్లు మోశాను గానీ, అంత భయంభయంగా నాలోకి దిగిన పేరు ఇంకోటి లేదు.

“మెషిన్ సంగతి చెప్పిన బాబెవరండీ?” అన్నారాయన.

రుత్విక్ లేచాడు. “సారీ అంకుల్.”

“సారీ ఎందుకండీ, మీరన్నదే రైటు. అమ్మకాలు పడిపోతున్నాయని నాకు తెలుసండి. తెలీకేం! మరెందుకు కొన్నానంటారా? ఆపేస్తే, సత్తిరాజు పనైపోయిందని ఊరంతా అనుకుంటారని. ఆ మెషిన్ లారీలో వస్తే, మెయిన్ రోడ్డు మీంచి మెల్లగా తెమ్మని డ్రైవర్‌కి చెప్పానండి, నలుగురూ చూస్తారని. చూశారు కూడానండి. ఒక వారం రోజులు నాకు భలే మర్యాద జరిగింది.”

ముందు ఆయనే నవ్వారు. ఆ తరవాత సార్, ఆ తరవాత క్లాసంతా. ఇందాకటి నవ్వు కాదిది. నీరజ కళ్లు తెరిచింది.

“ఒక్క మాట చెబుతానండి,” అన్నారు సత్తిరాజు గారు. “మా ఇంట్లో ఇది నన్నెవరూ అడగరు, నేను బాధపడతానని. వాళ్లు బాధపడతారని నేనూ చెప్పను. బయటివాళ్లేమో, టైము బాలేదండీ, మీ తప్పేముంది అంటారు. తప్పు నాదేనని నాకు తెలుసు కదండీ! పొరపాటు చేశావయ్యా అని ఒక్కరైనా అంటే బాగుణ్ణు, అవునని ఒప్పేసుకుందును. ఇన్నాళ్లకి మీరు మొహమ్మీద అన్నారు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేనండి.”

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. నాకా, ఏడవడానికి కళ్లు లేవు. ఉంటే ఆ బల్లంతా తడిపేసేదాన్ని. సార్ మీద కోపం కూడా ఎటో పోయింది.

“అంకుల్,” అన్నాడు రుత్విక్, ఈసారి బెరుగ్గా. “ఇప్పుడైతే ఏం జేస్తరు?”

“ముందు మా ఆవిడకి చెబుతానండి. ఆ తరవాత కంపెనీ మూసేస్తాను. నేను తిరగేసి ముందు కంపెనీ మూసేశాను, ఆవిడకి చెప్పడం ఇంకా మిగిలే ఉంది,” అన్నారాయన. చప్పట్లు మోగిపోయాయి. క్లాసు టైమైపోయినా ఎవరూ లేవలేదు. గాజు సీసాలు ఎలా కడిగేవారు, కొట్లవాళ్లతో ఎలా వేగేవారు అని అడుగుతూనే ఉన్నారు. ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ మనిషి లోపల అన్ని మాటలున్నాయని నీరజకి కూడా తెలిసినట్టు లేదు, నోరు తెరుచుకుని వింటోంది.

బయట వరండాలోకి రాగానే పిల్ల భోరుమంది. “తప్పు అనేశాను నాన్నా.”

“అన్నప్పుడు గుండె గుభేలుమన్న మాట నిజమేనమ్మా,” అన్నారు సత్తిరాజు గారు. “మరుక్షణం తేలిగ్గా అయిపోయింది. ఏడుపెందుకు? ఇంతకీ మార్కులేస్తారా లేదా మీ సారు?” నీరజ ఏడుస్తూనే నవ్వేసింది. నేను అప్పటికి ఆయన చేతిలోనే ఉన్నాను. తిరిగిచ్చేయమని ఎవరూ అడగలేదు. కాలేజీ స్టోర్ రూములో ఒక నేమ్ ప్లేటు తగ్గిందని ఈపాటికి ఎవరో ఎవరికో మెమో ఇచ్చే ఉంటారు.

అలా గొడుగుతోపాటు బస్సెక్కి తణుకు వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన నన్ను తెచ్చి, బల్లమీద తన కంచం ముందు నిలబెట్టుకున్నారు. ఆయన భార్య అనంతలక్ష్మి గారు కూరగిన్నెతో వచ్చి విస్తుపోయింది.

“ఇదేంటండీ?”

“నీరజ వాళ్ల క్లాసులో ఇచ్చారు. ఇది ముందుంటే ఎవరేం అడిగినా చెప్పి తీరాలంట.”

ఆవిడ నా మీది వంకర అక్షరాలు చదువుకుంది. ఆయన మొహంలోకి చూసింది. గిన్నె కింద పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది.

“అయితే అడుగుతున్నాను. ఆ రెండో మెషిన్ ఎందుకు కొన్నారు?”

ఆయన చెప్పారు. క్లాసులో చెప్పినంత సరదాగా చెప్పలేకపోయారు. ఊరి భయం చెప్పారు, లారీ సంగతి చెప్పారు, కంపెనీకి తాళం వేసిన రోజు ఇంటికి రావడానికి కాళ్లు రాక కాలవగట్టున కూచుండిపోయిన సంగతి కూడా చెప్పారు. కంచంలో అన్నం చల్లారిపోయింది.

అంతా విన్నాక ఆవిడ, “ఆ లారీ మన వీధిలోకి వచ్చిన రోజే నాకు తెలుసండీ, మీరు భయపడుతున్నారని,” అంది.

సత్తిరాజు గారు నిర్ఘాంతపోయారు. “మరి అడగలేదేం?”

“మీరు అంత సంతోషంగా కనబడాలని అవస్థ పడుతుంటే ఎలా అడగనండీ?” అని, చల్లారిన అన్నం తీసేసి వేడన్నం వడ్డించింది.

నన్నింకా ఆ బల్లమీంచి తియ్యలేదు. ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు.