ముప్పయ్యొక్క బెరడు డొప్పలు

జంఫీరా గింబషాన్‌ను నేను మొదటిసారి కలిసింది ఎగతాళి చేద్దామనే. తొంభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి మొదటి వారం. నియంత పడిపోయి ఇంకా రెండు నెలలు నిండలేదు. దేశంలో ఎక్కడ చూసినా సభలే. మా చిన్న పట్నంలో సినిమా హాల్లో పెట్టారు. నేను జిల్లా పత్రికలో విలేకరిని. ఒకాయన స్వేచ్ఛ గురించి, ఇంకొకాయన అమరవీరుల గురించి, మూడో ఆయన ఐరోపా గురించి గొంతు చించుకున్నాక, వెనక వరసలోంచి గొర్రెతోలు కోటు, రబ్బరు బూట్లు వేసుకున్న ముప్పై ఏళ్ల మనిషి లేచింది. పశువుల డాక్టరు.

"అంతా బాగానే ఉంది గానీ, మన వీధి కుళాయిల్లో గురువారం తప్ప నీళ్లెందుకు రావు?"

హాలంతా గొల్లున నవ్వింది.

"కొండల్లో నీళ్లు తక్కువ తల్లీ" అన్నాడు వేదిక మీది పెద్దమనిషి.

"ఎవరు చూసొచ్చారు?"

ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ నీళ్ల గొట్టం వెంట కొండెక్కడం మొదలుపెట్టింది. నవ్వులాటగా ఒక వ్యాసం రాయొచ్చని నేనూ వెంటపడ్డాను. మోకాళ్ల లోతు మంచులో నాలుగు గంటల నడక. పైన, పాత పార్టీ పెద్దల విడిది దగ్గర గొట్టం రెండుగా చీలింది. ఒక పాయ పెరట్లో ఉన్న ఈతకొలనులోకి పోతోంది. కొలను నిండి, పొర్లి, అంచుల చుట్టూ మంచు గోడ కట్టింది. ఈదే నాథుడు లేడు. కాపలావాడు మాత్రం ఉన్నాడు.

ఆవిడ తిట్టిపోస్తుందనుకున్నాను. కుక్కకి జబ్బేమిటో కనుక్కుంటున్నట్టు మెల్లగా అడిగింది. "వాళ్లంతా పారిపోయారు కదయ్యా. ఇంకా ఎందుకు నింపుతున్నావు?"

"ఎవరూ ఆపమనలేదు కదమ్మా."

"మరి గురువారం?"

"గురువారం నాకు సెలవు. ఇటు మూసేసి ఇంటికి పోతా."

ఆవిడ కొలను గట్టు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత లేచి చక్రం తిప్పి ఇటు పాయ మూసేసింది. ఎగతాళి వ్యాసం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టు రాశాను. రెండేళ్ల తర్వాత ఎన్నికల్లో ఆవిడ మేయరైంది. ఆ తర్వాత రెండుసార్లు రాజధాని బుకారెస్ట్‌లో పార్లమెంటు సభ్యురాలు. నేను పత్రిక వదిలి ఆవిడ సహాయకుడిగా చేరాను. ఎందుకు చేరావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఈ మనిషి రేపు ఏం అడుగుతుందో చూద్దామని, అంతే.

మంత్రిగా ఏడు నెలలే ఉంది. ఒక మధ్యాహ్నం మంత్రివర్గం ముందుకి తొమ్మిది వందల పేజీల దస్తావేజు వచ్చింది, సాయంత్రానికల్లా ఆమోదించాలి. ఆవిడ చుట్టూ చూసి, "చదివినవాళ్లు చెయ్యెత్తండి" అందట. ఒక్క చెయ్యీ లేవలేదు. "నేనూ చదవలేదు. రేపు పెట్టుకుందామా?" అందట. మరుసటి వారానికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. మా పార్టీ అధ్యక్షుడు లుచియాన్ ద్రగుష్ తెలివైనవాడు. జనంలో పేరున్న మనిషిని బయటకి నెట్టలేడు, దగ్గర పెట్టుకోనూ లేడు. అందుకని ఐరోపా పార్లమెంటుకి పంపించాడు.

"బ్రస్సెల్స్‌లో అందరూ ప్రశ్నలే అడుగుతారు డాక్టరమ్మా, మీకు హాయిగా ఉంటుంది" అన్నాడు వీడ్కోలు విందులో.

అక్కడ ఆహార నిబంధనల కమిటీలో మూడేళ్లు ఎవరూ చదవని కాగితాలు చదువుతూ గడిపింది. నాలుగో ఏడు ఒక ముసాయిదా వచ్చింది. శుద్ధి చేయని చెక్కా, చెట్టు బెరడూ చీజ్‌కి తగలకూడదు అని అందులో ఒక వాక్యం.

మా లోయ బతికేదే బెరడు చీజ్ మీద. గొర్రెపాల చీజ్‌కి ఉప్పు పట్టించి, దేవదారు బెరడుతో కుట్టిన డొప్పలో కుక్కి నిలవ చేస్తారు. కోసిన ముక్కకి అడవి వాసన వస్తుంది. జంఫీరా అక్క పరస్కీవా చేతి చీజ్ కోసం టూరిస్టుల బస్సులు ఆగేవి. ఆ వాక్యం సంగతి తెలిసిన రోజే పరస్కీవా ఫోన్ చేసింది.

"ఏమే, నిన్ను అంత దూరం పంపింది మా నోట్లో మట్టి కొట్టడానికా?"

"నేను రాయలేదక్కా అది."

"రాసినవాళ్ల పక్కన కూర్చున్నావుగా. కొట్టెయ్యి దాన్ని."

ద్రగుష్‌దీ అదే మాట. వచ్చే ఏడు ఎన్నికలు. "బెరడు మన జెండా అనుకోండి డాక్టరమ్మా. ఊపండి."

ఆవిడ ఊపింది. కమిటీ గదికి డొప్పలు తెప్పించి అందరికీ ముక్కలు పంచింది. స్పెయిన్ ఆయన రెండోసారి చెయ్యి చాపాడు. డెన్మార్క్ సభ్యురాలు హెన్రియెట్ మాత్రం ముక్కని కాగితం మీద పెట్టుకుని అడిగింది. "చాలా బావుంది. ఇది పాడవకుండా ఉండేది ఎందువల్ల?"

జంఫీరా కనుక్కుని చెబుతానంది. గది బయటకి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"ఎఫ్తిమీ, నేను పశువుల డాక్టర్ని. ఏళ్ల తరబడి అందరి పాలూ పరీక్ష చేశాను. మా అక్క చీజ్ ఎందుకు పాడవదో నాకు తెలీదయ్యా! ఒక్కసారి కూడా అడగలేదు!"

సిగ్గుపడిందనుకున్నాను. కాదు, కళ్లు మెరుస్తున్నాయి. ఆ వారాంతమే లోయకి ప్రయాణం. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగి ముప్పయ్యొక్క డొప్పలు సేకరించాం. ఎవరిది ఏదో ఆవిడకీ నాకూ తప్ప తెలియకుండా గుర్తులు వేసి ప్రయోగశాలకి పంపాం. పద్దెనిమిదో రోజు ఫలితాలొచ్చాయి. ఇరవై రెండు శుభ్రం. తొమ్మిదింటిలో మనుషుల్ని మంచం పట్టించే క్రిములు. ఆ తొమ్మిదిలో పరస్కీవాది ఒకటి.

ద్రగుష్ విమానమెక్కి వచ్చేశాడు. "చింపెయ్యండి. మిమ్మల్నెవరైనా అడిగారా?"

"నేనే అడిగాను కదండీ."

"మీ చేత్తోనే మీ లోయని చంపుతారా?"

"ఆ ముక్క తిని పసిపిల్ల చస్తే అప్పుడెవరి చెయ్యంటారు?" అంది. కోపంగా అనలేదు. మనసు అప్పటికే వేరేచోట ఉంది. "అది సరే, ఇరవై రెండు ఎందుకు బావున్నాయి? అదే పాలు, అదే గడ్డి, అదే చెట్టు. తేడా ఎక్కడ?"

మళ్లీ లోయకి. ఈసారి ఒక్కో వంటింట్లో కూర్చుని, పెట్టిన మొక్కజొన్న పిండి మమలీగ ముద్ద తింటూ, బెరడు ఎప్పుడు ఒలుస్తారు, ఎలా కడుగుతారు, ఎంతసేపు ఆరబెడతారు అని ఒకటే అడగడం. జనం విసుక్కున్నారు. "మా అమ్మ ఎలా చేసిందో అలాగే" అనేవారు అందరూ. ఆఖరికి గొర్రెల గవ్రిలా గుడిసెలో తేలింది సంగతి. ఎనభై దాటిన మనిషి. పెద్ద రాగి బానలో చీజ్ తీయగా మిగిలిన విరుగుడు తేట కుతకుతా ఉడుకుతోంది. అందులో బెరళ్లు తేలుతున్నాయి.

"ఇదెందుకు తాతా?"

"ఉడకబెట్టకపోతే బెరడు వంగదు, విరుగుతుంది. వసంతంలో, చెట్టుకి రసం ఎక్కినప్పుడు ఒలిచి, అర పూట ఉడికించాలి. మీ అమ్మా అంతే చేసేది. ఇప్పుడు బస్సులొస్తున్నాయి కదా, ఎవడికి తీరిక? చలికాలంలో కూడా ఒలిచి, నానబెట్టి, దారంతో బిగించేస్తున్నారు."

మళ్లీ తిరిగి సరిచూశాం. ఉడికించిన ఇళ్లు ఇరవై రెండు. ఉడికించనివి తొమ్మిది. ఒక్కటీ తేడా రాలేదు. తిరుగుదారిలో కారులో ఆవిడ పాటందుకుంది. ఆవిడ పాడగా నేను విన్నది అదొక్కసారే.

కమిటీలో అంతా చదివింది. ముప్పయ్యొకటీ చదివింది. "ఇందులో ఇరవై ఏడోది మా అక్కది" అని కూడా చెప్పింది. ఆ మాట వద్దని నేను ముందే బతిమాలాను. దాచిపెడితే మిగతా ముప్పై ఎవరు నమ్ముతారయ్యా అంది. హెన్రియెట్ కళ్లజోడు తీసి, మొదటిసారి, మైకు లేకుండా మాట్లాడింది. "ఎంతసేపు ఉడికించాలో మీ వృద్ధుణ్ణి అడిగి చెప్పగలరా? రాసేద్దాం." నిషేధం పోయింది. ఉడికించిన బెరడైతే వాడుకోవచ్చు అని మూడు పంక్తులు చేరాయి.

లోయలో బాజాలు మోగలేదు. పత్రికలు ఆ తొమ్మిది గురించే రాశాయి. ఆ వేసవి బస్సులు ఆగకుండా పోయాయి. చర్చి దగ్గర జనం ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నారు. ద్రగుష్ ఎన్నికల జాబితాలోంచి పేరు తీసేశాడు. పరస్కీవా అయితే వాకిట్లోకి వచ్చి వీధంతా వినేలా అంది, "పరాయి దేశంలో అక్క పేరు చదివి చప్పట్లు కొట్టించుకున్నదానివి, నా గడప తొక్కకు."

జంఫీరా కొన్నాళ్లు కుంగింది. ఆ తర్వాత పాత బూట్లు తీసి, మళ్లీ పశువుల వైద్యం మొదలుపెట్టింది. కావాలంటే బుకారెస్ట్‌లో ఏదో ఒక పదవి దొరికేదే. నేను పత్రికకి తిరిగి వెళ్లాను.

రెండో వసంతంలో ఒక ఆదివారం ఆవిడ ఇంట్లో పుల్లటి సూప్ తాగుతున్నాం. బస్సులు మళ్లీ ఆగుతున్నాయనీ, ఇళ్ల ముందు బానలు పొగలు కక్కుతున్నాయనీ దారిలో చూసి వచ్చి చెబుతున్నాను. తలుపు తోసుకుని పరస్కీవా వచ్చింది. పలకరింపు లేదు. ఒక డొప్ప తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఆ ముసలాడు అర పూట అంటాడు, మీ కాగితంలో గంటన్నర అని ఉందిట. ఏది నిజమే?"

"గంటన్నర చాలక్కా, ప్రయోగశాలలో పరీక్షించే రాశాం."

"మరి రెండేళ్లుగా నా కట్టెలన్నీ తగలేశానుగా! వచ్చి చెప్పడానికి నోరు లేదూ?"

"గడప తొక్కొద్దన్నావు కదా."

"అంటే? అన్న ప్రతి మాటా వినే రకమేనా నువ్వు?"

జంఫీరా నవ్వు ఆపుకుంటూ కత్తి అందుకుంది. ముక్క కోసి, నోట్లో పెట్టుకోబోతూ, అలవాటుగా ముక్కు దగ్గరకి తీసుకెళ్లింది.

"వాసన చూశావంటే నెత్తి మీద కొడతా" అంది పరస్కీవా, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "సూప్ ఇంకా ఉందా, మీరిద్దరే ఊడ్చేశారా?"