బిట్రగుంట నుంచి గంట రాలేదు

పెళ్లయి సూరత్ వచ్చిన రోజున, ఇచ్ఛాపూర్‌లోని ఆ మేడమీది అద్దెవాటాలో మధులతకు అన్నిటికంటే వింతగా కనిపించింది పడకగది తలుపు. దాని అడుగున పిల్లి దూరేంత కమాను ఒకటి కోసి, అంచులకు శ్రద్ధగా ఎర్రరంగు పూసి ఉంది.

"పిల్లిని పెంచుతున్నారా?" అని అడిగింది.

"లేదు. గూడ్సుబండి పోవాల," అన్నాడు ఆదర్శ్, అందరిళ్లలోనూ ఉండేదే అన్నట్టు.

వేళాకోళం కాదు. హాల్లో కిటికీ కింద మొదలైన బుల్లి రైలుపట్టా జానెడు ఎత్తు చెక్కల మీదుగా సోఫా వెనకనుంచి సాగి, ఆ కమానులోంచి పడకగదిలోకి దూరి, మంచం పక్కన నాలుగు పాయలుగా చీలి ఆగుతుంది. ఇంజను ఒక్కటే కొన్నది. వ్యాగన్లన్నీ అట్టముక్కలతో అతను చేసుకున్నవే. హజీరాలో ఒక ఫ్యాక్టరీలో సరుకు పంపించే సెక్షన్‌లో ఇంజనీరతను. పగలంతా నిజం సరుకు పంపి, ఇంటికొచ్చి మళ్లీ సరుకే పంపుకుంటాడు. పుట్టింది బిట్రగుంటలో, తాత సుబ్బరామయ్య గూడ్సు గార్డు. అందుకని పడకగది స్టేషను పేరు బిట్రగుంట. హాలు చివర బోర్డు మీద మాత్రం రంగు ఇంకా ఆరలేదు. వంగి చదివింది. కావలి. అది ఆమె పుట్టినూరు.

"ఇంతకుముందు ఇక్కడ ఏ ఊరుండేది?"

"గూడూరు. నీ కోసం ఊరే మార్చినా."

మొగుళ్లు నగలు చేయిస్తారని విన్నదిగానీ, స్టేషను రాసిచ్చేవాడు ఉంటాడని మధులత ఎక్కడా వినలేదు. సంతోషం పట్టలేక తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, నాకిక్కడ ఒక స్టేషనుంది!" తల్లి కంగారుపడి "పోలీసుదా?" అంది.

మొదట్లో ఆమె, బండి అలా పోయి ఇలా వస్తుంటే చూడటమే ఆట అనుకుంది. ఆదర్శ్ ఒప్పుకోలేదు. "ఊరికే తిరిగేదానికి ఇదేమన్నా తిరనాళ్ల బొమ్మా? సరుకుండాల. ఆ సరుకు ఎవరికో కావాల. అప్పుడే బండి కదలాల," అన్నాడు. కావలిలో ఎక్కిన సరుకు బిట్రగుంటలో దిగాలి. ఏ వ్యాగను ఏ లైనులో పెట్టాలో చూసుకుని, ఇంజనును ముందుకూ వెనక్కూ నడిపి, ఒక్కోదాన్నీ విడదీసి పెట్టాలి. దాన్నే షంటింగ్ అంటారు. ఖాళీ అయినవాటిని మళ్లీ వెనక్కి పంపాలి. ఒక చిన్న బండి పనికి ఒక సాయంత్రం పట్టేది. మధులతకు ఆ తాపీతనమే నచ్చింది. కింది వాటాలో ఉండే తెలుగావిడ సారక్క చీరలకు దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకునేది. ఆమె దగ్గర చిందీ, అంటే చీరల పీలికలు, అడిగి తెచ్చుకుని మధులత వేలిగోరంత బేళ్లు కుట్టింది. ఒక వ్యాగనుకు యాలకులు. ఒకదానికి పుట్నాలపప్పు. అవి బిట్రగుంట చేరేసరికి సగమయ్యేవి.

"దారిలో దొంగలు పడ్డారు మాస్టరుగారూ," అనేది.

"దొంగకు మూతిమీద పప్పు అంటుకోనుండాది, తుడుచుకోమను," అనేవాడు లోపల్నుంచి.

మామూలప్పుడు ఆమె భర్తను 'మీరు' అనేది. స్టేషన్ మాస్టరుగా కూర్చుంటే మాత్రం 'ఏమయ్యా' అనే చనువు వచ్చేసేది. ఆ చనువు కోసమైనా సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేది.

ఒక నియమం మాత్రం కచ్చితం. లైన్ క్లియర్. అవతలి స్టేషను ఒప్పుకోనిదే ఇవతలి స్టేషను బండి వదలకూడదు. రెండు గదుల్లోనూ కాలింగ్ బెల్లులు బిగించాడు. ఇటునుంచి రెండు గంటలు కొడితే 'బండి పంపనా' అని. అటునుంచి రెండు గంటలు వస్తే 'పంపు' అని. గంట రాకపోతే కూర్చోవాల్సిందే. ఆదర్శ్ ఆమెను కావాలనే కూర్చోబెట్టేవాడు. "లైను ఖాళీ లేదమ్మే, షంటింగ్ జరగతా ఉంది," అని లోపల్నుంచి కేకేసేవాడు. ఒక్కోసారి కేక కూడా వెయ్యడు. ఆమె బతిమాలి, బెదిరించి, చివరికి వ్యాగన్లో బెల్లంముక్క పెడుతున్నానని అరిస్తే టక్కున గంట మోగేది.

ఒకరోజు విసుగుపుట్టి గంట రాకుండానే బండి వదిలేసింది. లోపల అదే లైనులో బండి చివర గార్డు కూర్చునే పెట్టె నిలబడి ఉంది. తాత కబుర్లు గుర్తుచేసుకుంటూ, కిటికీలతో సహా అతను పట్టి పట్టి చేసుకున్న పెట్టె అది. ఇంజను పోయి గుద్దితే పక్కలు ఊడిపోయాయి. ఆదర్శ్ కోప్పడలేదు. కళ్లజోడు పైకి నెట్టుకుని ముక్కలు ఏరుకుంటూ, "నిజంబండైతే లోపల మనిషుంటాడు మధూ," అన్నాడు, అంతే. అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆమె చెవులు పట్టుకుని, గంట వినకుండా ఇంకెప్పుడూ వదలనని ఒట్టేసింది. అప్పుడు నవ్వాడు.

సారక్క ఒకసారి పైకొచ్చి, ఇద్దరూ రెండు గదుల్లో నేలమీద చతికిలబడి గంటలు కొట్టుకోవడం చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏంది పిల్లా గిది? కొత్త పెండ్లోళ్లు ఒక్కతాన కూసుంటరుగని, నడుమ తలుపేసుకొని గంటలు కొట్టుకుంటరా?"

"గూడ్సు నడుపుతున్నాం అక్కా."

"నడుపుండ్రి, నడుపుండ్రి. ఏడాది తిరిగేసరికి గా బండ్లె ఊయల గిట్ల పంపుండ్రి," అని నవ్వుకుంటూ దిగిపోయింది.

ఏప్రిల్‌లో కరోనా రెండోసారి ఊరి మీద పడింది. ఫ్యాక్టరీ ఆపలేదు. ఆదర్శ్ వెళ్లక తప్పలేదు. ఒక సాయంత్రం ఇంటికొస్తూనే గడపలోనే ఆగి, "దగ్గరికి రాబాక," అన్నాడు. పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఆమెకు రాలేదు. జ్వరం కొంచెమే కాబట్టి ఇంట్లోనే విడిగా ఉండమన్నాడు డాక్టరు. ఆదర్శ్ పడకగదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. "నువ్వు ఆగలేవు, వచ్చేస్తావు. నాకు తెలుసు. గడియ ఉండాల్సిందే."

అలా ఆ బండికి మొదటిసారి నిజమైన సరుకు దొరికింది. మాత్రలు పోయేవి, వేలికి తగిలించి ఊపిరి చూసుకునే క్లిప్పు పోయింది, మిరియాల పొట్లం పోయింది. పళ్లెంలో పెట్టి తలుపు దగ్గర వదలవచ్చు. మధ్యాహ్నం అన్నం అలాగే పెట్టేది. కానీ పొద్దున్నే టిఫిను మాత్రం గూడ్సులోనే పోవాలని మధులత పట్టు. చెంచాడేసి పిండి చిన్న చిన్న గిన్నెల్లో పోసి బొత్తాలంత ఇడ్లీలు వండేది. నీళ్లసీసా మూతల్లో పచ్చడి. గంట కొడితే, గంట వచ్చేది. బండి కమానులోకి దూరి మాయమయ్యేది. కాసేపటికి లోపల్నుంచి దగ్గూ, దాని వెనకే, "కావలి మాస్టరూ, పచ్చట్లో ఉప్పెక్కువ," అనే గొంతూ వినిపించేవి. ఇంటినిండా జబ్బున్నా ఆ పొద్దుటి వేళ ఆమెకు పండుగలా ఉండేది. ఇంత భయంలో ఇంత ముద్దు ఎలా వస్తోందని తనే సిగ్గుపడేది.

"ఊపిరెంత చూపిస్తోంది?" అని రోజూ అడిగేది.

"బాగానే ఉండాది."

జ్వరం తగ్గింది. దగ్గు కూడా తగ్గినట్టే అనిపించింది. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే గడియ తీస్తాడు. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

ఆ రోజు పొద్దున మధులత తలస్నానం చేసింది. ఇడ్లీలు సర్దింది. చివరి వ్యాగన్లో యాలకుల బదులు తలలోంచి తీసిన ఒక మల్లెపువ్వు పెట్టింది. కావలి బోర్డు పక్కన కూర్చుని రెండు గంటలు కొట్టింది.

జవాబు రాలేదు.

నవ్వుకుంది. మళ్లీ కొట్టింది. "ఏమయ్యా మాస్టరూ, షంటింగా?" అంది. లోపల ఏ చప్పుడూ లేదు. కేక కూడా వెయ్యడంలేదంటే గట్టిగానే ఆటపట్టిస్తున్నాడు. "బెల్లం లేదు ఇవాళ, పువ్వుంది," అంది. కాసేపు ఆగింది. రాత్రి సరిగా నిద్రపట్టలేదేమో, పడుకున్నాడేమో, లేపకూడదనుకుంది. ఇడ్లీల మీద మూత పెట్టింది. చీరకొంగు సర్దుకుంది. కింద సారక్క ఎవరినో తిడుతుంటే విన్నది. ఇంజను మీటమీద చెయ్యి పెట్టి కూడా, ఒట్టు గుర్తొచ్చి తీసేసింది. ఇడ్లీలు చల్లారాయి. పచ్చడి మీద నీరు తేలింది. అలిగినట్టు నటిద్దామనుకుని మాట్లాడకుండా కూర్చుంది. అతనే ముందు గంట కొట్టాలి. ఆ పంతంలో కూడా ఆమెకు కొంత సరదా ఉంది.

సరదా ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదు. ఉన్నట్టుండి నేలమీద బోర్లా పడుకుని కమానులోంచి లోపలికి చూసింది. బిట్రగుంట బోర్డు పక్కన అతని చెయ్యి కనిపించింది. అరచెయ్యి పైకి ఉంది. బెల్లు మీట ఆ చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"ఏమండీ," అంది. తర్వాత అరిచింది.

భుజందాకా చెయ్యి కమానులోకి దూర్చింది. వేళ్లకు అతని చొక్కా అంచు తగిలింది. పట్టుకుని లాగింది. గడియ ఎక్కడో పైన ఉంది. సారక్క, ఆమె భర్త సాంబయ్య మెట్లెక్కి పరుగెత్తుకొచ్చారు. సాంబయ్య గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాడు.

"రోగం గీగం అన్నీ ఎన్క. ముంగట తలుపు పగలగొట్టు!" అని సారక్క అతన్ని ముందుకు తోసింది. మగ్గాలు బిగించే పానా పెట్టి అతను గడియ పెకలించాడు. ఆదర్శ్ పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎంతకీ ఎవరూ ఎత్తలేదు. సాంబయ్య తను పనిచేసే బట్టల మిల్లు టెంపో తెచ్చాడు. గుడ్డల తానుల మధ్య ఆదర్శ్‌ను పడుకోబెట్టి, మధులత అతని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో కాళ్లకింద రైలుపట్టా ఎన్ని ముక్కలయిందో, ఇడ్లీలు ఎక్కడ చెదిరాయో ఆమె చూడలేదు.

ఆసుపత్రిలో మంచం దొరికింది. అది దొరకడమే ఆ వారంలో అదృష్టమన్నారు. ముసుగులోంచి ఒక కుర్ర డాక్టరు, లోపల ఊపిరి తగ్గిపోతున్నా ఒక్కోసారి మనిషికి తెలియదని, ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని హిందీలో చెప్పాడు. ఆ ఆవరణలో అందరికీ ఆ మాటే చెబుతున్నారు. మధులతకు మాత్రం అది తనకొక్కదానికే చెప్పినట్టు వినిపించింది.

లోపలికి ఎవరినీ రానివ్వరు. బయట టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు. సాంబయ్య పనికి పోకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు. సారక్క డబ్బాలో అన్నం పంపేది.

"మామా," అంది ఒక మధ్యాహ్నం. "నేను ఊరికే కూర్చున్నాను. ఆటనుకుని కూర్చున్నాను."

సాంబయ్య డబ్బా మూత తీశాడు. "నువ్వు ఎట్ల కూసున్నవో నాకు తెల్వది బిడ్డా. నేను గుమ్మంల ఆగిన. అది నాకెరుక," అన్నాడు. "తిను జర."

ఆమె రెండు ముద్దలు తిన్నది. ఆకలి వేయడం ఆమెకు తప్పుగా తోచింది. అయినా తిన్నది. రేపు డాక్టరు బాగైందని చెబితే నిలబడటానికి ఓపిక కావాలిగదా అనుకుంది. ఇంటికొచ్చాక ఏం వండాలో కూడా అనుకుంది. చారు. ముందు చారు పలచగా.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక, ఒళ్లంతా కప్పుకున్న నర్సు ఒకామె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో కళ్లజోడు, ఫోను. అలా కవరు పట్టుకుని వచ్చి పిలిస్తే ఏమిటో ఆ టెంటు కింద అందరికీ తెలుసు. ఎవరి పేరు వస్తుందోనని ప్రతి ఒక్కరూ నేలకేసి చూశారు.

"ఆదర్శ్‌భాయ్‌నా సగా కోణ్?"

సాంబయ్య తల పట్టుకున్నాడు. మధులతకు గుజరాతీ రాదు. పేరు ఒక్కటే వినిపించింది. కళ్లజోడు కనిపించింది. అడగకుండా ఉంటే ఇంకాసేపు తెలియకుండా ఉండవచ్చని తెలిసి కూడా అడిగింది.

"సగా అంటే ఏంది మామా?"

"సొంతమనిషి బిడ్డా." "సారు మనిషెవరని అడుగుతుండ్రు."

ఈ ఊళ్లో ఆమెను మేడమీది పిల్ల అన్నారు, కొత్త పెళ్లికూతురన్నారు, కూరగాయలబండి అతను బెన్, అంటే అక్కా అన్నాడు. ఆదర్శ్ మనిషి అని ఇంతవరకు ఎవరూ పిలవలేదు. ఎవరైనా ఎప్పుడు పిలుస్తారా అని, కూరలకు దిగినప్పుడల్లా, ఆమె లోలోపల మురిపెంగా ఎదురుచూసేది.

లేచి నిలబడింది.

"నేనే," అంది, తెలుగులోనే.

నర్సుకు అర్థం కాలేదు. టెంటు అంతా కలయజూసి మళ్లీ అదే పిలుపు పిలిచింది. మధులత చెయ్యెత్తింది.